ముందే రాసి పెట్టిన కవరు

పోయిన నెల ఆళ్లగడ్డలోని నా మందుల అంగడిని మా తమ్ముడికి అప్పగించాను. నా పేరు వలీ, నాకు యాభై ఆరేళ్లు. ముప్పై ఏళ్లు కౌంటరు వెనక నిలబడిన నడుము ఇక నా వల్ల కాదంది. తోటి అంగళ్లవాళ్లు కలిసి ఒక హాల్లో కుర్చీలు వేయించి నాకు శాలువా కప్పారు. వలీ అన్న దగ్గర గ్యాసు మాత్ర అడిగితే ముందు నిద్ర సంగతి అడుగుతాడని ఒకరి తర్వాత ఒకరు మెచ్చుకున్నారు. చివర్లో ఓబులేసు లేచాడు. ఆయన అహోబిలం జీపు డ్రైవరు. పద్దెనిమిదేళ్ల కింద నంద్యాలలో తనకు జరిగిన వైద్యం గురించి చెప్పాడు. ఆసుపత్రిలో సిస్టరు మాత్ర వేసుకునే వేళ తప్పు చెప్పిందట. తర్వాత వలీ అన్న మాత్రలు వేసే కొత్త కవరు మీద సరైన వేళ రాసిస్తేనే తన ఎదమంట తగ్గి కంటికి నిద్ర వచ్చిందట. అందరూ చప్పట్లు కొట్టారు. నేను చేతులు జోడించి కూర్చున్నాను.

ఓబులేసు చెప్పింది నిజం కాదు. నిజం కాదని ఆయనకు తెలియదు, నాకు తెలుసు. సిస్టరు తప్పు చెప్పలేదు. తప్పు రాసింది నేను. నిద్ర సంగతి అడగడం కూడా నా సొంత తెలివి కాదు, ఆ సిస్టరు దగ్గర చూసి నేర్చుకున్నదే. పద్దెనిమిదేళ్లుగా ఈ రెండు మాటలూ నేను పైకి అనలేదు. శాలువా భుజాన ఉన్న ఆ రోజు కూడా అనలేదు.

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు కొందరు, మీ అనుభవాలు రాయండి సార్ అని అడుగుతూ వచ్చారు. లైసెన్సుల గురించీ స్టాకు గురించీ చెప్పేవాళ్లు మీకు చాలామంది దొరుకుతారు. నేను ఒక సిస్టరు గురించి, ఒక కవరు గురించి రాస్తాను.

గ్యాసు అనే మాట

కౌంటరు దగ్గరికి వచ్చేవాళ్లలో జబ్బు ఇదీ అని చెప్పేవాళ్లు తక్కువ. కడుపు ఉబ్బరం గ్యాసే, పులితేన్పులు గ్యాసే, ఎదలో మంట గ్యాసే, అల్లుడు మాట్లాడకపోయినా గ్యాసే. చేయి చాచి మాత్ర అడుగుతారు. మనం పిప్పరమెంటు ఇచ్చినట్టు ఇచ్చేస్తాం.

కడుపులోని పులుపు పైకి రాకుండా ఆపే బిగువు ఒకటి ఉంటుంది. అది సడలితే పులుపు గొంతు దాకా ఎగదన్నుతుంది. నిలబడినప్పుడు, కూర్చున్నప్పుడు దాని బరువే దాన్ని కిందికి దించుతుంది. పడుకుంటే ఆ సాయం ఉండదు. అందుకే చాలామందికి ఈ జబ్బు పగలు కన్నా పడకలో ఎక్కువ బాధిస్తుంది. మంటతో మెలకువ వస్తుంది, లేదా దగ్గుతో వస్తుంది, లేదా ఎందుకు వచ్చిందో తెలియకుండానే వస్తుంది. తెల్లవారి ఒళ్లు బరువు, తల దిమ్ము. ఎదమంటకు ఒక అంగట్లో మాత్ర కొంటారు, నిద్ర పట్టడం లేదని ఇంకో అంగట్లో మాత్ర అడుగుతారు. రెండూ ఒకే జబ్బని వాళ్లకు తెలియదు. రెండు అంగళ్లవాళ్లూ అడగరు.

ఒక్క మాట ఇక్కడే చెప్పి ముందుకు పోతాను. ఎదలో బరువుగా నొప్పి వచ్చి, చెమటలు పట్టి, చేతికో దవడకో నొప్పి పాకుతోందంటే గ్యాసు మాత్ర ఇవ్వకండి. ఆటో పిలిచి ఆసుపత్రికి పంపండి. అమ్మకం పోతే పోనీ.

సలోమి సిస్టరు బల్ల

నేను నంద్యాలలో ఒక కడుపు డాక్టరు ఆసుపత్రిలో పదేళ్లు మందుల కౌంటరు చూశాను. డాక్టరు గారు గొప్ప పనిమంతుడు. గొట్టం వేసి కడుపులోకి చూసేటప్పుడు ఆయన చేయి ఎంత మెత్తగా ఉండేదో, నోరు అంత గరుకుగా ఉండేది. పేదవాళ్లను తిప్పి పంపినట్టు నేనెప్పుడూ చూడలేదు. రోజుకు వందమందిని చూసే మనిషికి ఒక్కొక్కరితో పది నిమిషాలు మాట్లాడే తీరిక యాడిది?

ఆ పది నిమిషాలు సలోమి సిస్టరు ఇచ్చేది. ఆమెది పగిడ్యాల. కూలికి పోయే తల్లిదండ్రులు చర్చి వాళ్ల సాయంతో నర్సు చదువు చదివించారు. డాక్టరు గది బయట కిటికీ పక్కన ఆమెకు ఒక చిన్న బల్ల, ఎదురుగా ఒక స్టూలు ఉండేవి. చీటీ పట్టుకుని బయటికి వచ్చినవాళ్లు ఆ స్టూలు మీద కూర్చున్నాకే నా కౌంటరుకు రావాలి. ఆ పద్ధతి పెట్టింది ఆమే.

ఆమె మొదటి ప్రశ్న ఎప్పుడూ జబ్బు గురించి ఉండేది కాదు. ఎట్ల పండుకుంటావని అడిగేది. ఎన్ని గంటలకు తింటావు, తిన్నాక ఎంతసేపటికి నడుం వాలుస్తావు, ఏ పక్కకు తిరుగుతావు, ఎన్నిసార్లు లేస్తావు. బల్ల మీద ఒక సెలైను సీసా ఉండేది. అందులో సగానికి పసుపు నీళ్లు. మూత తీసి సీసాను బల్ల మీద అడ్డంగా పడుకోబెడితే నీళ్లు మూతి దాకా వచ్చి గుడ్డను తడిపేవి. మూతి కింద చిన్న రాతిముక్క పెట్టి ఎత్తితే ఆగిపోయేవి. చదువు లేనివాళ్లు కూడా ఆ సీసాను చూసి నవ్వి తల ఊపేవాళ్లు. ఇన్నేళ్లలో ఎన్నో రంగుల పటాలు గోడలకు అంటించడం చూశాను. ఆ సీసా పక్కన ఒక్కటీ నిలవదు.

ఒక రంజాను నెలలో మా అమ్మను ఆమె దగ్గర కూర్చోబెట్టాను. ఉపవాసాలు మొదలైతే చాలు, అమ్మకు పొద్దున్నే గొంతు మండేది, దగ్గు వచ్చేది. ఉపవాసం వల్లనే అని మేమంతా అనుకున్నాం. సిస్టరు ఉపవాసం జోలికే పోలేదు. తెల్లవారక ముందు సహరీ తిన్నాక ఏం చేస్తావని అడిగింది. పడుకుంటానంది అమ్మ.

"పండుకోవద్దమ్మా. గోడకు ఆనుకోని తస్బీ పూసలు తిప్పుకో. నమాజు అయి, బాగా తెల్లారినాంక పండుకో."

అమ్మ అట్లాగే చేసింది. వారానికి దగ్గు తగ్గింది. ఆ అమ్మాయికి మన ఇంటి గడియారం ఎట్లా తెలుసురా అని పోయేదాకా అడుగుతూనే ఉండేది.

మూడు దిండ్ల మనిషి

ఓబులేసు వచ్చేనాటికి ఆయనకు ముప్పై అయిదేళ్లు ఉంటాయి. ఆళ్లగడ్డ నుంచి అహోబిలానికి భక్తులను తీసుకుపోయే జీపు తోలేవాడు. బండి వేరేవాళ్లది. చివరి ట్రిప్పు ముగించి ఇంటికి చేరేసరికి పది. ఆకలి మీద ఉల్లికారం వేసుకుని కడుపునిండా తిని వెంటనే పడుకునేవాడు. కాసేపటికే ఎదమంటతో లేచి కూర్చునేవాడు. పొద్దున అయిదుకు మళ్లీ స్టాండులో ఉండాలి.

ఆయన స్టూలు మీద కూర్చుని చెప్పింది నాకు కౌంటరు దాకా వినిపించింది.

"ఏం నిద్రలేమ్మా. కన్ను మూస్తే ఎదలో ఎవురో పొయ్యి ఎలిగిస్తాండారు. స్టీరింగు పట్టుకుంటే మాత్రం నిద్ర వస్తాంది."

"ఎన్ని దిండ్లు పెట్టుకుంటావప్పా?"

"మూడు."

"పెండ్లికొడుకు మాదిరి మూడెందుకు? మెడ వంగుతాది గానీ కడుపు యాడుండేది ఆడనే ఉంటాది. మంచం తలాపు దిక్కు కోళ్ల కింద రెండు నాపరాళ్లు పెట్టు."

సీసా చూపించింది. రాత్రి అన్నం ఇంటికి పోయాక వద్దు, చివరి ట్రిప్పుకు ముందే తినమంది. ఎడమ పక్కకు పడుకోమంది. మాత్ర పొద్దున పరగడుపున వేసుకుని, అరగంట తర్వాతే ఏదైనా తినమంది. ఈ మాత్ర పులుపు ఊరే చోటును ముందే కట్టేస్తుంది, అన్నం పడ్డాక వేసుకుంటే సగం పని కూడా చేయదు అని రెండుసార్లు చెప్పింది. ఓబులేసు చేత తిరిగి చెప్పించుకుంది. స్టీరింగు దగ్గర నిద్ర వస్తే బండి పక్కకు తీసి ఆపమని కూడా చెప్పింది. ఇవన్నీ నేను చెవులారా విన్నాను. ఆ మాట మరవకండి.

కవరు

మా కౌంటరుకు ఒక పద్ధతి ఉండేది. సాయంత్రం ఆళ్లగడ్డ, అవుకు బస్సులు అందుకోవాలని అందరూ ఒక్కసారే మీద పడేవాళ్లు. అందుకని మధ్యాహ్నం తీరికగా ఉన్నప్పుడే నేను కాగితం కవర్ల మీద ముందే రాసి పెట్టుకునేవాణ్ణి. "రాత్రి అన్నం తిన్నాక" ఒక కట్ట. "పొద్దున పరగడుపున" ఒక కట్ట. గుండ్రటి అక్షరాలు నావి. ఆ పద్ధతి నేను కనిపెట్టిందే. డాక్టరు గారు ఒకసారి మెచ్చుకున్నారు కూడా.

ఆ సాయంత్రం పరగడుపు కవర్లు అయిపోయాయి. ఓబులేసు మాత్రలను రాత్రి కవర్లో వేసి, దాని మీద కొట్టేసి మార్చి రాద్దామనుకున్నాను. పక్కన ఎవరో బస్సు పోతాంది జల్దీ ఇయ్యప్పా అన్నారు. కవరు మడిచి ఆయన చేతిలో పెట్టేశాను. మార్చి రాయనే లేదు.

మీరు గుర్తు పెట్టుకోవలసింది ఇది. నోటితో చెప్పింది బస్సు ఎక్కేసరికి సగం పోతుంది. కవరు మీద రాసింది ఇంట్లో ఉంటుంది. ఓబులేసు ఇంట్లో బడికి పోయే కూతురు కవరు చదివింది. సిస్టరు పొద్దున అన్నట్టు ఆయనకు లీలగా గుర్తుంది, కానీ రాత ముందు తన జ్ఞాపకం ఎంత? రాత్రి బాగా తిని మాత్ర మింగాడు. మాత్ర ఉంది కదా అని రాళ్లూ పెట్టలేదు, భోజనం వేళా మార్చలేదు.

ఆరు వారాలు అట్లాగే గడిచాయి. ఒక ఉదయం అహోబిలం దారిలో స్టీరింగు మీదే కునికిపాటు పడ్డాడు. జీపు రోడ్డు దిగి వేరుశనగ చేనులోకి పోయింది. ప్రాణాలు పోలేదు. ఒక పెద్దాయన చేయి విరిగింది. ఓనరు ఆ రోజే తాళంచెవి లాగేసుకున్నాడు.

మరుసటి రోజు ఓబులేసు, ఆయన భార్య ఆసుపత్రికి వచ్చారు. డాక్టరు గదిలోకి పోకముందే ఆమె నా దగ్గరికి వచ్చి, ఇవే మాత్రలు మళ్లీ కావాలని పాత కవరు ఇచ్చింది. నా గుండ్రటి అక్షరాలు నా వైపు చూశాయి. ఒక్క నిమిషంలో అంతా అర్థమైంది. కవరు చింపి జేబులో పెట్టుకున్నాను. కొత్తది తీసి "పొద్దున పరగడుపున" అని రాసి ఇచ్చాను.

కాసేపటికి గదిలోంచి డాక్టరు గారి గొంతు లేచింది. రాత్రి ఎందుకు మింగావని ఓబులేసును అడుగుతున్నారు. రాత్రేనని రాసి ఉందని ఆయన అంటున్నాడు. కవరు ఏదన్నారు. ఆయన భార్య పరుగున కౌంటరుకు వచ్చింది.

"అన్నా, ఆ పాత కవరు యాడుంది?"

"పాత కవర్లు చెత్తలో ఏస్తాం కదమ్మా. పొద్దున అనే రాసింటా, చూసుకోండి."

నేను అన్న మాటలు అవే. ఆ కవరు అప్పుడు నా జేబులో ఉంది.

డాక్టరు గారు సిస్టరును పిలిచారు. ఆమె పొద్దున అనే చెప్పినా సార్ అంది. ఇంతసేపు కూచోబెట్టి ఏవేవో చెప్తే మనిషికి ఏది గుర్తుంటుందని ఆయన అరిచారు. బయట వరండాలో ఉన్న యాభైమందీ విన్నారు.

"ఇంగ నువ్వు చెప్పేది చాలు. సూదులేసుకుంటా ఉండు, పో."

మరుసటి రోజు కిటికీ పక్కన బల్ల లేదు, స్టూలు లేదు. సీసా స్టోరుగదిలో ఉంది. ఉద్యోగం పోతుందని భయపడ్డానని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి నా ఉద్యోగం పోయేది కాదు. రెండు తిట్లు పడేవి, నా కవర్ల పద్ధతి పోయేది. ఆ రెండు తిట్లు తప్పించుకోవడానికి ఆమె పదేళ్ల పేరు పోగొట్టాను.

నాపరాళ్లు

సలోమి సిస్టరు తర్వాత చేసింది నాకు ఓబులేసు నోటి వెంటే తెలిసింది. ఆ ఆదివారం చర్చి ముగించుకుని ఆళ్లగడ్డ బస్సు ఎక్కింది. ఇల్లు అడుక్కుంటూ పోయి, వీధిలో పడి ఉన్న నాపరాయి ముక్కలు రెండు తనే మోసుకొచ్చి మంచం కోళ్ల కింద పెట్టించింది. మూడు దిండ్లలో రెండు తీసేయించింది. అన్నం పొద్దు మునగ్గానే పెట్టమని భార్యకు చెప్పింది. పొద్దున మాత్ర వేసుకునేది పొయ్యి వెలిగించక ముందని గుర్తు చెప్పింది. నాలుగు ఆదివారాలు వరసగా పోయింది. అడిగింది ఎవరూ లేరు, బస్సు చార్జీ ఇచ్చింది ఎవరూ లేరు.

రెండో వారానికి మంట తగ్గింది. మూడో వారంలో ఒక రోజు ఓబులేసు తెల్లారినా లేవకపోతే భార్య భయపడి తట్టి లేపిందట. ఏందీ, ఎందుకు లేపుతాండావని కసురుకుని మళ్లీ పడుకున్నాడట. ఆ మాట నాతో చెబుతూ ఓబులేసు నవ్వాడు. కొత్తగా పెళ్లయినవాడిలా ముఖం వెలిగింది. నిద్రపోయిన మనిషి ముఖం అట్లా ఉంటుంది. మందులవాళ్లం మనం దాన్ని చూసే అవకాశం తక్కువ. చూస్తే మరవం.

జీపు మళ్లీ చేతికి రావడానికి ఏడాది పట్టింది. డాక్టరు గారే అందరి ముందర ఆమెను తిట్టాక, రాత్రి అని ఆమే చెప్పి ఉంటుందని, కవరు మీదా అదే వచ్చిందని ఓబులేసు నమ్మేశాడు. అప్పటి నుంచీ తన కథ అందరికీ చెబుతూనే ఉన్నాడు. పాపం ఆయమ్మ మొదట తప్పు చెప్పింది, తర్వాత తనే వచ్చి దిద్దుకుంది అని. ఆమెను మెచ్చుకునే మాటలోనే నా అబద్ధం కూడా ఊళ్లు తిరిగింది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ కథలో ఆమె చిన్నదైపోయింది, నేను రాసిచ్చిన కొత్త కవరు పెద్దదైంది.

ఏడాది తిరగకముందే ఆమె నంద్యాల వదిలి పగిడ్యాల వైపు పల్లెల్లో పనికి పోయింది. కొన్నాళ్లకు నేను ఆళ్లగడ్డలో సొంత అంగడి పెట్టుకున్నాను. వచ్చినవాళ్లను ఎట్లా పండుకుంటావని అడగడం మొదలుపెట్టాను. నిద్రమాత్ర కోసం వచ్చినవాళ్లలో కొందరికి దాని అవసరమే లేదని, ముందు డాక్టరుకు ఎదమంట గురించి చెప్పమని పంపించాను. కవరు మీద ముందే రాయడం మానేశాను. పేరు వచ్చింది. ఎక్కడ నేర్చుకున్నావని ఎవరూ అడగలేదు. నేను చెప్పలేదు. డాక్టరు గారు రెండేళ్ల కింద పోయారు. ఆయనకు చెప్పే దారి నాకు లేదు.

తెలియనివాడికి చెప్పు

శాలువా కప్పిన వారం తర్వాత పగిడ్యాల పోయాను. సిస్టరు వరండాలో చాటలో కందిబేడలు ఏరుతోంది. జుట్టు తెల్లబడింది. వాచీ మాత్రం అప్పటిలాగే మణికట్టు లోపలి వైపుకే ఉంది. నన్ను గుర్తుపట్టి కూర్చోమంది. బస్సులో కూర్చుకున్న మాటలన్నీ మరిచిపోయి, కవరు సంగతి ముందు నుంచి చివరి దాకా చెప్పాను. ఆమె కందిబేడలు ఏరడం ఆపలేదు.

"తెలుసు వలీ."

మొదటి ఆదివారం ఓబులేసు ఇంటికి పోయినప్పుడు గోడమీది క్యాలెండరు వెనక ఇంకో కవరు కనిపించిందట. నేను ఆ రోజు మాత్రలను రెండు కవర్లలో వేసి ఇచ్చానన్న సంగతి నాకే గుర్తులేదు. రెండో దాని మీదా అదే రాత.

"గుండ్రంగా ఉంటాది కదా నీ రాత. డాక్టరు మెచ్చుకున్న రాత. తెలీకుండా యాడికి పోతాది?"

తెలిసి ఎందుకు చెప్పలేదని అడిగాను.

"నువ్వే చెప్తావనుకుంటి. ఒక నెల చూసినా. ఆ తర్వాత నిన్ను చూడబుద్ధి కాలేదు. అంతే."

క్షమించమన్నాను. ఆమె చాట పక్కన పెట్టింది.

"నాకు చెప్తే ఏం లాభమప్పా? నాకు తెల్సు కదా. తెలీనోనికి పోయి చెప్పు. ఆ ఓబులేసు నేను తప్పు చెప్పినాననే అనుకుంటాండాడు ఇంకా."

లోపలికి పోయి నీళ్లు తెచ్చి ఇచ్చింది. తాగి బస్సు స్టాండుకు నడిచాను.

మరుసటి ఉదయం ఆళ్లగడ్డ జీపు స్టాండుకు పోయాను. ఓబులేసు బానెట్టు మీద టీ గ్లాసు పెట్టుకుని, నలుగురు డ్రైవర్లతో ఉన్నాడు. శాలువా ఏదన్నా, ఎండకు ఆరేసినావా అని నవ్వాడు. పక్కకు తీసుకుపోయి చెబుదామని ఒక క్షణం అనిపించింది. కానీ ఆయన కథ ఆ నలుగురూ విన్నారు. సిస్టరును తిట్టింది యాభైమంది ముందర. నిలబడ్డ చోటనే చెప్పాను. మందు రాత్రి వేసుకోమని రాసింది నేనని, కవరు చింపి జేబులో పెట్టుకుని నీ భార్యకు అబద్ధం చెప్పానని. టీ చల్లారిపోయింది. ఓబులేసు బానెట్టు మీది గ్లాసు తీసి టీ కింద పారబోశాడు.

"అయితే ఆయమ్మ మొదటి రోజే సరిగ్గ చెప్పిందా?"

"మొదటి రోజే చెప్పింది ఓబులేసూ. పొద్దున పరగడుపునే అని రెండుసార్లు చెప్పింది, నీతో చెప్పించుకుంది, నేను విన్నా. తప్పు రాసింది నేను. దాచింది నేను. నీ జీపు పోయేదానికీ, ఆయమ్మ బల్ల పోయేదానికీ నేనే కారణం. నన్ను క్షమించప్పా."